నంబర్ వన్ నాటుపాట

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక దుబాయ్ సత్వాలో కేరళ కాకా చాయ్ దుకాణం ముందు కూర్చున్నవాడికి పోశయ్య కథ వినక తప్పదు. జిలానీ బాషాకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే ప్రతి వారం వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటాడు.

బాషాది నెల్లూరు. కరామాలో ఒక క్యాసెట్ల కొట్టులో పని. ఒక మిషన్లో అసలు క్యాసెట్ పెట్టి, పక్క మిషన్లో ఖాళీ క్యాసెట్ పెట్టి, కాపీలు తీసి అమ్మడమే ఆ కొట్టు వ్యాపారం. అరబ్బీ పాటలు, హిందీ పాటలు, ఇంగ్లీషు పాటలు, ఏవి అడిగితే అవి. ఆ రోజుల్లో అదేం తప్పని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు, అడిగే దిక్కూ ఉండేది కాదు.

పోశయ్యది జగిత్యాల అవతల ఒక పల్లె. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనప వర్క్‌షాపులో హెల్పరు. వారమంతా నోరు మెదపకుండా పని చేస్తాడట. వాళ్ళ ఫోర్మన్‌కి ఇతను మూగవాడేమోనని కొన్నాళ్ళు అనుమానం కూడా ఉండేదట. శుక్రవారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సత్వా వస్తాడు, తన ఊరివాడు భోజన్న దగ్గరికి. భోజన్న మేస్త్రీ. ఇద్దరూ కాకా దుకాణం ముందు కూర్చుంటారు. చాయ్ గ్లాసు చేతికొచ్చేదాకా పోశయ్య మంచివాడే. గ్లాసు చేతికి రాగానే కోతలు మొదలవుతాయి.

ఆ కోతలన్నీ ఒక్కదాని గురించే. అతని భార్య ఐలవ్వ ఊళ్ళో నాట్లు పడే రోజుల్లో ఆడవాళ్ళ వరసకి ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి. ఆమె పాడి పంపిన క్యాసెట్ పోశయ్య దగ్గర ఒకటుండేది. ఆ ఒక్కటీ ఒక అమెరికా దొర జేబులో పడి అమెరికా వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఏడు ఐలవ్వ పచ్చకామెర్లతో పోయింది. పోశయ్య ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడు ఆమె గొంతు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉందంటే ఆ క్యాసెట్‌లోనే ఉంది. దాన్ని మళ్ళీ ఒక్కసారి వినాలన్నదే అతని కోరిక. అది జరిగేది కాదని అతనికీ తెలుసు. అందుకే వారం వారం కథ చెప్తాడు, కథ వారం వారం పెరుగుతుంది, విన్నవాళ్ళు ఊఁ కొడతారు. ఎవరూ అడ్డు తగలరు. అది కాకా దుకాణంలో రాయని కట్టుబాటు.

ఆ శుక్రవారం మాత్రం బెంచీ మీద నాలుగో మనిషున్నాడు. పేరు సూరిబాబు. కాకినాడ వైపు నుంచి వచ్చి కొత్తగా భోజన్న గదిలో చేరాడు. పెళ్ళయిన ఏడాదికే విమానం ఎక్కినవాడు. బాషా భోజన్న వైపు చూసి, కొత్తవాడికి సంగతి చెప్పావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. భోజన్న నాలుక్కరుచుకున్నాడు. చెప్పలేదన్నమాట.

"పెద్ద ముచ్చటేం గాదు తమ్మీ, చిన్నదే," అన్నాడు పోశయ్య. ఎప్పుడూ అలాగే మొదలుపెడతాడు. "జబల్ అలీల నేను పైపుల యార్డుల జేసేటప్పుడు మా మీద ఒక అమెరికా దొర ఉండె. బిల్లు సాబ్ అంటుంటిమి. ఎత్తు మనిషి, మొఖం ఎండకు ఎర్రగ కాలిపోయి ఉంటుండె. ఆయిన పికప్పుల పొద్దుగాల్నుంచి పొద్దుమీకిదాక ఒక్కటే క్యాసెట్. టోపీ వెట్టుకున్నోడొకడు గిటారు వట్టుకోని ముక్కుతోని పాడుతుంటడు సూడు, అదన్నట్టు. ఒకనాడు ఎండకు ఆ క్యాసెట్ రీలంత బయటికొచ్చి మిషన్ల సుట్టుకున్నది. ఇంజనీర్లొచ్చిన్రు, ఫోర్మన్ వచ్చిండు, ఎవ్వనితోని గాలె. నేను వోయి, సాబ్, ఒక పెన్సిలియ్యుండ్రి అన్న. మెల్లగ రీలు గుంజి, ముడుతలన్ని సాపు జేసి, క్యాసెట్‌ల పెన్సిల్ వెట్టి తిప్పిన. పాట వాడింది. గంతే. చిన్న ముచ్చట."

"మంచి పనే చేశారండి," అన్నాడు సూరిబాబు. "మా ఇంట్లోనూ పెన్సిలే వాడతాం."

ఇంతవరకూ నిజమే. ఆ టోపీ క్యాసెట్ సంగతి బాషా కంటే తెలిసినవాడు లేడు. అమెరికాలో పాటల లిస్టులో అది నంబర్ వన్ అని రేడియోలో వారం వారం చెప్పేవాళ్ళు. వాళ్ళ పల్లెల పాటలట, కంట్రీ మ్యూజిక్ అంటారట. పాడినవాడి పేరు బాషాకి నోరు తిరగదు, కొనేవాళ్ళకీ తిరగదు. అట్ట మీద గుర్రం పక్కన పెద్ద టోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషి బొమ్మ ఉంటుంది గనక అందరూ వచ్చి టోపీ క్యాసెట్ ఉందా అనే అడిగేవాళ్ళు. ఆయిల్ కంపెనీల దొరలు కొన్నారు, సరే. పఠాన్ టాక్సీవాళ్ళు కొన్నారు. సూడాన్ గుమస్తాలు కొన్నారు. ఒక్క ముక్క అర్థం కాని కేరళ నర్సమ్మలు కూడా కొన్నారు. పాడేవాడు ఇంటికి దూరమై ఏడుస్తున్నాడని గొంతు వింటేనే తెలుస్తుంది, దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. ఆ ఏడు ముదీర్, అంటే కొట్టు యజమాని, ఇంకో రెండు మిషన్లు కొన్నాడు. ఖాళీ క్యాసెట్లు అట్టపెట్టెల్లో వచ్చి సాయంత్రానికల్లా టోపీ క్యాసెట్లయి బయటికి పోయేవి. బాషాకి నిద్రలో కూడా గిటారు వినిపించేది.

"ఆ క్యాసెట్ అమ్మి మా ముదీర్ కారు కొన్యాడు సూరిబాబూ," అన్నాడు బాషా, మాట ఆ దారిలోకి మళ్ళితే బాగుండునని. "ఏం అమ్మకాలనుకున్నావ్. చెప్తే నమ్మవు."

"కారొక లెక్కనా, బాషాభాయ్," అన్నాడు పోశయ్య. మళ్ళలేదు. "ఇను తమ్మీ. సాబ్ ఖుషీ అయ్యి నా భుజం మీద కొట్టి, పోషా, కంట్రీ, నంబర్ వన్, అన్నడు. కంట్రీ అంటే నాకేం ఎర్క? మా దిక్కు కంట్రీ అంటే దుకాండ్ల అమ్మే సార. దొరకు సార మీద గింత పానమేందని నేను పరేషానైన. శుక్రారం వచ్చి ఈయిన్నే అడిగిన. బాషాభాయ్, కంట్రీ పాటలంటే ఏం పాటలే అన్న. నాటు అన్నడు. అన్నవా లేదా, చెప్పు భాయ్."

"అన్యాను," అన్నాడు బాషా.

అన్నాడు. అందులో ఏ దాపరికమూ లేదు. ఆ రోజు కొట్లో గిరాకీ విపరీతంగా ఉంది. ఒక చేత్తో క్యాసెట్ తిప్పి పెడుతూ, తల కూడా ఎత్తకుండా ఆ ఒక్క మాట అనేశాడు. నెల్లూరులో కంట్రీ కోడంటే నాటుకోడి, కనుక కంట్రీ పాటలంటే నాటు పాటలు. తన లెక్క అంతే. జగిత్యాల మనిషికి నాటు అంటే ముందు వరినాటే గుర్తుకొస్తుందని, మడిలో వంగిన ఆడవాళ్ళే కళ్ళ ముందు కదులుతారని అతనికెలా తెలుస్తుంది? పల్లె పాటలు అని ఉంటే సరిపోయేది. ఊరి పాటలు అన్నా సరిపోయేది. రెండూ నోటికి వచ్చే మాటలే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా బాషాకి తన నోటి మీద తనకే కోపం వస్తుంది.

"నాటు పాటలనంగనే నాకు పానం లేచొచ్చింది తమ్మీ," అన్నాడు పోశయ్య. "అమెరికాల గూడ ఆడోళ్లు కొంగు సెక్కి మడిల దిగుతరన్నట్టు. పాట వాడుకుంట నాటేస్తరన్నట్టు. ఆ పాటే అక్కడ నంబర్ వన్ అన్నట్టు. అట్లయితే మా ఐలవ్వ ముంగట ఆ టోపీగాడెంత? వాడు నాటు పాట వాడుతుండు గని, వాని గొంతుల బురద వాసన లేదు. నీళ్ల సప్పుడు లేదు. వాడు ఒక్కనాడన్న మడిల దిగిండా అని నాకు అప్పట్నుంచే అనుమానం."

సూరిబాబు నవ్వాడు. భోజన్న కూడా నవ్వి, "ఆ పాట నేనే రికాడ్ జేసిన," అన్నాడు. "సుట్టీ మీద ఇంటికి వోయినప్పుడు టేప్‌రికాడ్ వాళ్లింటికి వట్టుకవోయిన. సిగ్గువడి అర్రలకెల్లి రాదాయె. ఆఖరికి మొఖం గోడ దిక్కు వెట్టుకోని పాడింది. నడుమ కోడి గూడ కూసింది."

"కోడి సుత పాటల గలిసింది," అన్నాడు పోశయ్య. "శురువుల ఏమంటదో ఎర్కేనా? ఇనవడ్తుందా, లచ్చవ్వ నాయినా, అంటది. లచ్చవ్వ మా బిడ్డ. గట్ల అడిగి జరసేపు ఊకుంటది. నేను ఈడికెల్లి ఊఁ అంటనేమోనని. నేను అంటుంటి గూడ. ఇగ అటెన్క పాట ఎత్తుకుంటది. ఆ క్యాసెట్ వట్టుకవోయి సాబ్ చేతుల వెట్టిన. సాబ్, మై కంట్రీ, అన్న."

అక్కడ బాషా గ్లాసు కింద పెట్టేశాడు. ఈ ముక్క దగ్గర అతనికి చాయ్ దిగదు.

జరిగింది అదే. మై కంట్రీ అన్నాడు పోశయ్య, మా నాటు పాట విను అన్న అర్థంలో. మా దేశం అన్నాడనుకున్నాడు ఆ దొర. పోశయ్య తన దేశపు గుర్తుగా కానుక ఇస్తున్నాడనుకున్నాడు. పాపం, మంచివాడే. కళ్ళు చెమర్చాయట. క్యాసెట్‌ని రెండు చేతులతో అందుకుని, గుండెకు ఆనించుకుని, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టేసుకున్నాడు. బదులుగా తన టోపీ క్యాసెట్ తీసి పోశయ్య చేతిలో పెట్టాడు. పెద్దవాడి చేతిలో పెట్టిన వస్తువును మళ్ళీ ఇమ్మని ఎట్లా అడుగుతాడు? క్యాంపులో ఎవరినో పట్టుకుని ఇంగ్లీషులో రెండు ముక్కలు నేర్చుకున్నాడు, విని తిరిగి ఇవ్వండి సాబ్ అని అడగడానికి. నేర్చుకుని యార్డుకి వెళ్ళేసరికి ఆ పికప్పులో వేరే దొర ఉన్నాడు. బిల్లు సాబ్ పని ఖలాస్ చేసుకుని అమెరికా వెళ్ళిపోయాడు. పోనీలే, ఐలవ్వ ఉంది కదా, మళ్ళీ పాడి పంపుతుందిలే అనుకున్నాడు పోశయ్య. అనుకుని ఊరుకున్నాడు.

ఐలవ్వ పోయాక, మళ్ళీ సెలవు మీద వెళ్ళినప్పుడు భోజన్న అదే పాటను ఊళ్ళో మిగతా ఆడవాళ్ళతో పాడించి తెచ్చాడు. పోశయ్య సగం విని క్యాసెట్ ఆపేశాడు. పాట గిదే, మనిషి గాదు, అన్నాడు. బాషా మాత్రం ఏం ఊరుకోలేదు. కొట్టుకి అమెరికావాడు ఎవడొచ్చినా, పైపుల పని చేసే బిల్లు సాబ్‌ని ఎరుగుదువా అని అడుగుతాడు. వాళ్ళు నవ్వుతారు. అమెరికా చాలా పెద్దది, అంటారు.

"సాబ్ పికప్పుల మా ఐలవ్వ క్యాసెట్ పెట్టిండు," అన్నాడు పోశయ్య. ఇక్కడి నుంచి కథ నేల విడుస్తుందని భోజన్నకు తెలుసు, కాళ్ళు చాపుకున్నాడు. "అటెన్క ఏమైందో ఎర్కేనా? బండి ఆగింది. సాబ్ ఆపలే తమ్మీ, బండే ఆగింది. ముంగట క్రేను పైపును ఎత్తుతుంది గద, అది సుత ఆగింది. పైపు గాల్ల ఉన్నది గాల్లనే ఉన్నది."

"కరెంటు పోయిందేమోనండి," అన్నాడు సూరిబాబు.

"క్రేను డీజిల్‌తోని నడుస్తది తమ్మీ," అన్నాడు పోశయ్య ఓపిగ్గా. "సాబ్ మోకాళ్ల మీద కూలవడ్డడు. పోషా, ఇది ఈడ ఉండేది గాదు, దీన్ని అమెరికా తీస్కపోవాలె అన్నడు. విమానంల దానికి పక్కన సీటు గొన్నడు. క్యాసెట్‌కు బెల్టు గట్టిన్రు. విమానపు పిల్లొచ్చి, అమ్మకు తాగనీకి ఏమన్న గావాల్నా అని అడిగింది. ఆడదాని పాటకు గంత మర్యాద ఎవలన్న జేసిండ్రా? మన ఊళ్లె నాటు వడేటప్పుడు ఆసామి గట్టు మీద కూసోని, పాట సాలు, చెయ్యి ఆడియ్యిరి, అంటుండె. అవునా భోజన్నా?"

"అంటుండె," అన్నాడు భోజన్న.

"ఆడ అమెరికాల లిస్టు గోడ మీద రాసుంటదట. అన్నిటి మీద టోపీగాని పేరు. మా ఐలవ్వ పాట పెట్టంగనే వాడే లేచి నిచ్చెన ఎక్కిండు. తన పేరు తానే తుడిసిండు. టోపీ తీసి చేతుల వట్టుకోని, అవ్వా, ఇది నీ జాగ, ఇన్నొద్దులు నువ్వు రాలేదని నేను కూసున్న, అన్నడు. గప్పట్నుంచి వాడు టోపీ వెట్టుకుంట లేడు. కావాల్నంటే ఇప్పుడొచ్చే క్యాసెట్లు సూడు."

బాషా తల ఊపాడు. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్ అట్ట మీద నిజంగానే ఆ మనిషికి టోపీ లేదు. ఎందుకు లేదో ఎవరికి తెలుసు. పోశయ్య దాన్ని కూడా వదలలేదు.

"మరి ఎన్ని అమ్ముడయ్యాయండీ?" అన్నాడు సూరిబాబు. అతనికి హుషారొచ్చింది. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముందుకు వంగాడు.

"లక్షలు, కోట్లు అనే లెక్క ఇడిసిపెట్టు. లారీలతోని కొలిసిన్రు. క్యాసెట్లు సాలక రికాట్లు గుద్దిన్రు, నల్లటియి, గుండ్రంగ ఉంటయి సూడు. అటెన్క ఏమైందో ఎర్కేనా? గుద్దనీకి నల్ల సామాను అయిపోయింది. ఏం జెయ్యాలె? రోడ్ల మీద డాంబరు గీకిన్రు. గీకి, కరగవెట్టి, మా ఐలవ్వ రికాట్లు జేసిన్రు. అందుకే ఇయ్యాల అమెరికాల సగం రోడ్లు మట్టి రోడ్లే. దొరలు ఎడ్లబండ్ల మీద ఆఫీసులకు వోతున్నరు. అయినా ఒక్కడు నారాజు గాలె. బండి మీద కూసోని అదే పాట ఇనుకుంట వోతున్నరు."

సూరిబాబు పగలబడి నవ్వాడు. కాకా కూడా స్టవ్ దగ్గర నుంచి తొంగి చూశాడు. అతనికి తెలుగు రాదు, కానీ నవ్వు ఎక్కడ వస్తుందో వినీ వినీ తెలిసిపోయింది.

"నవ్వకు తమ్మీ, బంగారం ముచ్చట ఇను. మస్తు అమ్ముడువోయిన పాటకు వాళ్లు బంగారు రికాటు ఇస్తరు. ఇస్తరా లేదా బాషాభాయ్?"

"ఇస్తారులే," అన్నాడు బాషా. అది కూడా తను చెప్పిందే.

"పాడినోళ్లకు ఒక్కటి ఇస్తరు. మా ఐలవ్వకు అమ్ముడువోయినదానికి, అమెరికాల బంగారమంత ఊడ్చినా సాల్లె. ఇగ దుబాయ్ వచ్చిన్రు. దేరా బంగారం బజార్ల దుకాండ్లన్ని కాళీ జేస్కపోయిన్రు. యాదికున్నదా, ఒక యాడాది బంగారం ధర మిన్నుకంటింది? అందరు ఏదేదో అన్నరు. గదీ సంగతి. నేను ఐలవ్వ సెవులకు గంటీలు జేయిస్తనని మాటిచ్చి దుబాయ్ వచ్చినోన్ని. కొందమని దుకాణంలకు వోతె ధర ఇని బయటికొచ్చిన. మా ఐలవ్వ పాట వల్లనే మా ఐలవ్వకు గంటీలు రాలె. గిట్లాంటిది ఏడన్న ఇన్నవా?"

భోజన్న నవ్వలేదు. బాషా కూడా నవ్వలేదు. గంటీల మాట పోశయ్య ఇదివరకెప్పుడూ అనలేదు. కథ పెరిగిందో, కథలోకి నిజం జొరబడిందో తెలియక బాషా నేల చూపులు చూశాడు. సూరిబాబు నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

అది చూశాడేమో, పోశయ్య గొంతు పెంచాడు. "ఇగ అమెరికా ఆడోళ్లు. గౌన్లు మీదికి సెక్కి మడులల్ల దిగిన్రు. అక్కడ మడులేడియి అంటవా? లేకుంటె తవ్విన్రు. గుర్రాలు మేసే బీళ్లన్ని తవ్వి నీళ్లు వెట్టిన్రు. వరసగ వంగిన్రు. నారు చేతుల్ల వట్టుకున్నరు. ఒక్కదానికి నాటెయ్య రాదు. రికాటు వెట్టిన్రు. పాట మొదలైందో లేదో చేతులు వాటంతట అయే ఆడినయి. మొదటి చరణానికి నారు వడ్డది. రెండో చరణానికి మొలక పచ్చవడ్డది. మూడో చరణానికి కంకి వంగింది. వాన వడమని పాటల లేదు తమ్మీ. అయినా వడ్డది."

"ఏం పాటండీ అది?" అన్నాడు సూరిబాబు మెల్లగా.

పోశయ్యకి పాడే గొంతు లేదు. రాగం ఎత్తుకుంటే ఎత్తుకున్న చోటే తెగిపోతుంది. అందుకని ఎప్పుడూ పాడడు, మాటలు మాత్రం ఒక్కొక్కటే ఆగి ఆగి చెప్తాడు, గుర్తున్నవాటిని లెక్క చూసుకుంటున్నట్టు.

"మోకాటి నీళ్లల్ల మొగులు దిగిందే. మొగులు మీద నారేసి నేను వంగితినే. వంగిన నడుముకు ఎండొక్కటే దోస్తాయెనే, పోయినోడొచ్చేసరికి పొద్దు గూకునే."

రోడ్డు మీద ఒక టాక్సీ ఆగి, మనిషిని దింపి వెళ్ళిపోయింది. ఈ చోట భోజన్న ఎప్పుడూ ఇక లేద్దామా అంటాడు, అందరూ లేస్తారు, కథ వచ్చే శుక్రవారానికి మిగిలిపోతుంది. బాషా అతని వైపు చూశాడు. భోజన్న నోరు తెరిచాడు గానీ సూరిబాబు ముందుగా మాట్లాడాడు.

"మాటలకే ఇలా ఉందంటే, ఆవిడ గొంతుతో ఎలా ఉండుంటుందో," అన్నాడు. అతని మొహంలో ఎగతాళి లేదు. అందుకే బాషాకి భయమేసింది. ఎగతాళి అయితే కసరవచ్చు. "మా ఆవిడ కూడా పాడుద్దండి. ఊడుపులప్పుడు కాదుగానీ, ఊరికే, పనిలో. నేనెప్పుడూ పట్టించుకోలేదు. బాషా గారూ, అంత అమ్ముడుపోయిన పాటంటే మీ కొట్లో ఉండే ఉంటది కదండీ. నాకొకటి ఇవ్వండి. మా ఆవిడకి పంపిస్తాను."

"స్టాక్ లేదు," అన్నాడు బాషా. మాట తొందరగా వచ్చేసింది. "ఎప్పుడో ఖలాస్ అయిపోయింది. మళ్ళా రాలే."

"అలాగా," అన్నాడు సూరిబాబు. ఒక్క క్షణం ఆలోచించి, పోశయ్య వైపు తిరిగాడు. "పోనీ పోశయ్య గారూ, మీ దగ్గర ఉంటది కదండీ. అదొక్కసారి బాషా గారికి ఇద్దురూ. కాపీ తీసి మళ్ళీ భద్రంగా మీకిచ్చేస్తారు."

భోజన్న అతని మోకాలి మీద గట్టిగా చెయ్యి వేశాడు. సూరిబాబుకి అర్థం కాలేదు. తప్పేమన్నాను అన్నట్టు ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు. బాషా ఏదో ఒకటి అనాలనుకున్నాడు. అది తెగిపోయిందనో, ఎవరికో ఇచ్చాడనో, ఏదైనా. ఇన్నాళ్ళూ పోశయ్య చెప్పిన అబద్ధాలకు ఊఁ కొట్టినవాడికి, అవసరమైన వేళ సొంత అబద్ధం ఒక్కటీ తోచలేదు. నాటు అన్న ఒక్క మాట మాత్రం ఎంత సులువుగా వచ్చింది ఆ రోజు.

పోశయ్య గ్లాసులో మిగిలిన చాయ్ చూసుకున్నాడు. తాగలేదు. చొక్కా జేబు తడుముకున్నాడు, అందులో ఏమీ లేదు, చెయ్యి తీసేశాడు. కోపం వస్తుందేమోనని బాషా చూశాడు. రాలేదు. మాట్లాడినప్పుడు అతని గొంతు, వర్క్‌షాపులో వారమంతా ఎలా ఉంటుందంటారో అలా, తక్కువగా ఉంది.

"నా తాన ఉంటె ఈడికెందుకొస్త తమ్మీ," అన్నాడు. "ఈ ముచ్చట్లన్ని మీకెందుకు జెప్త. అర్రల కూసోని ఇనుకుంట ఉందు."